నా పెళ్ళాం క్యాసెట్‌కి మల్లేశన్న ఏడ్చేవాడు

పోయిన నెల మా వాడకట్టులో ఒకామె నన్ను దారిలో ఆపింది. ఆమె భర్తకు మోకాలి ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలు అలవాటైపోయాయి. వాటిని మాన్పించడానికి ఇంటిల్లిపాదీ నానా తంటాలు పడ్డారు.

"గోలీలు బందు చేపిచ్చినం అన్నా. వణుకుడు లేదు, చెమటలు లెవ్వు. కానీ మనిషి మనిషి లెక్క లేడు. బిడ్డ పరీక్షల ఫస్టు వచ్చిందని చెప్తే గోడ దిక్కు చూస్కుంట కూసున్నడు. మందు మానేసినంక గిదేం రోగం?" అని అడిగింది.

ఆ రోగం నాకు తెలుసు. ఖతర్‌లో ఉన్నప్పుడు దానితో నేను కాపురం చేశాను. దారిలో నిలబడి ఆమెకు సగం చెప్పాను, మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. చదివి ఆమె ధైర్యం తెచ్చుకుంటే సంతోషం. నాకూ ఒకసారి వరసగా చెప్పుకున్నట్టు ఉంటుంది.

ముందే ఒక సంగతి. నాకు పుట్టుకతోనే కుళ్ళు ఎక్కువ. చిన్నప్పుడు మా అన్నకు కొత్త అంగీ కుట్టిస్తే నాకు జ్వరం వచ్చేదని మా అవ్వ అందరి ముందూ ఎగతాళి చేసేది. అయితే ఈ జబ్బులో నేను పడ్డ కుళ్ళు ముందు అంగీ కుళ్ళు ఎంత? ఒక మనిషి తింటుంటే కుళ్ళు, నవ్వితే కుళ్ళు, చివరికి ఏడుస్తుంటే కూడా కుళ్ళు. ఎదుటివాడి ఏడుపు చూసి ఓర్వలేని వాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఉన్నాను.

తొంభై మూడు చలికాలం. దోహా బయట మా కంపెనీ క్యాంప్. నేను షట్టరింగ్ పని, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క పలకలు బిగించే పని చేసేవాణ్ణి. ఒకరోజు కాళ్ళ కింద పలక జారి ఇసుక కుప్ప మీద వెల్లకిలా పడ్డాను. ఎముకలు విరగలేదు కానీ నడుం పట్టేసింది. క్లినిక్‌కు పోతే తెల్ల మాత్రలు ఇచ్చారు. ఆ క్లినిక్ గురించి క్యాంపులో ఒక సామెత పుట్టింది: పన్ను నొప్పికీ అదే మాత్ర, పాము కరిచినా అదే మాత్ర. నా నడుం దానికి లొంగలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరు సెలవు మీద ఊరికి పోయి తిరిగొచ్చినా గదిలో అందరి ఇళ్ళ నుంచీ మూటలు తేవాలి. పచ్చడి, సకినాలు, మాట్లాడి పంపిన క్యాసెట్లు, మందులు. నా నడుం సంగతి విని నా భార్య భూలక్ష్మి మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గరికి పోయింది. ఆయన ఇచ్చిన ఎరుపు, నీలం రంగుల గొట్టం మాత్రలు నాకు చేరాయి.

మొదటి మాత్రకే నొప్పి పోయింది. నొప్పితో పాటు ఎండ పోయింది, ఫోర్‌మన్ తిట్లు పోయాయి, ఇంటి మీద బెంగ పోయింది. ఒంటి లోపల ఎవరో గోరువెచ్చటి నీళ్ళు పోసినట్టు ఉండేది. కొన్నాళ్ళకు ఒకటి చాలలేదు, రెండు కావలసి వచ్చింది, తర్వాత రెండూ చాలలేదు. నడుం ఎప్పుడో బాగైపోయింది, నేను మాత్రం మాత్రలు ఆపలేదు. తప్పు చేస్తున్నానని నాకు ఒక్కనాడూ తోచలేదు. కల్లు కాదు, సారా కాదు, డాక్టరిచ్చిన మందు, పెళ్ళాం పంపిన మందు. భూలక్ష్మి కూడా ఊరి నుంచి ఎవరు బయలుదేరినా ఒక పొట్లం కట్టిచ్చేది.

తొంభై నాలుగు ఎండాకాలం. పక్క క్యాంపు మనిషి ఒకడు ఇలాంటి మాత్రలే పచ్చడి డబ్బాలో పెట్టుకొని వస్తూ ఎయిర్‌పోర్టులో దొరికాడని వార్త పాకింది. జైల్లో వేశారని ఒకరు, సఫర్ చేసి, అంటే దేశం నుంచే వెళ్ళగొట్టి, ఇంటికి పంపారని ఇంకొకరు. మా గదిలో నా పక్క మంచం మల్లేశన్నది. మెట్‌పల్లి వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. అతను నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"గంగాధరూ, గీ మందు మనకొద్దురా. నీ నడుం ఎప్పుడో సాఫయింది. గవి లేకుంటే నీ మొఖం ఎట్లయితుందో నేను చూస్తున్న."

భయపడ్డాను. నడుం తగ్గింది, ఇక మందు పంపవద్దని భూలక్ష్మికి కబురు చేశాను. ఉన్నవి అయిపోయాక నరకం మొదలైంది. ముక్కు కారడం, వాంతులు, విరేచనాలు, కాళ్ళు వాటంతట అవే తన్నుకోవడం. చర్మం కింద చీమలు పాకుతున్నట్టు ఉండేది. కడుపు చెడిందని మల్లేశన్న ఫోర్‌మన్‌తో అబద్ధమాడి నన్ను క్లినిక్‌కు తీసుకుపోయాడు.

ఆ బెంచీ మీద కూర్చున్న పూట ఇప్పటికీ మరిచిపోలేదు. చేతులకు కట్లు కట్టుకున్న నేపాలీలు, కళ్ళలో సిమెంటు పడ్డ బంగ్లా వాళ్ళు, అందరి చేతుల్లో కార్డులు. నేను దుప్పటి కప్పుకొని వణుకుతుంటే అందరూ జరిగి చోటిచ్చారు. జాలితో ఇచ్చారో, నా వాసనకు జరిగారో తెలియదు. లోపలికి పోయాక డాక్టర్ నా కళ్ళు చూశాడు. కేరళ ఆయన, వయసు మళ్ళినవాడు, మాతో హిందీలో మాట్లాడేవాడు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఏ మాత్రలు వేసుకుంటున్నావు?"

నాకు జైలు కళ్ళ ముందు కనబడింది. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

"నేను డాక్టర్ని, పోలీసును కాదు. చెబితేనే నీకు మందు ఇవ్వగలను" అన్నాడు.

చెప్పాను. ఆయన మందులిచ్చి, జ్వరమని రాసి సెలవు ఇప్పించాడు. ఆ రోజుల్లో మల్లేశన్న డ్యూటీ నుంచి వచ్చి నా బట్టలు ఉతికాడు, గంజి కాచి పోశాడు. అంత చేసిన మనిషి మీద నేను తర్వాత ఏం పెంచుకున్నానో చదవండి.

ఒళ్ళు కుదుటపడింది. మళ్ళీ పనికి పోయాను. గండం గడిచిందని గదిలో కోడి కూర వండారు. అందరూ వేళ్ళు నాకుతూ తిన్నారు. నేనూ తిన్నాను. కారం కారంగానే ఉంది, ఉప్పు ఉప్పుగానే ఉంది, రుచి మాత్రం లేదు. రెండు రోజుల్లో వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. నెల దాటినా రాలేదు.

దీన్ని దుఃఖం అంటారేమో. కానీ దుఃఖమైతే ఏడుపు రావాలి కదా. నాకు ఏమీ రాలేదు. పొద్దున లేవడానికి కారణం కనబడేది కాదు, లేచేవాణ్ణి. బస్సులో ఎవరో జోక్ చెబితే అందరూ నవ్వేవాళ్ళు, అందులో ఎక్కడ నవ్వాలో నాకు అర్థమయ్యేది, నవ్వు పుట్టేది కాదు. పనిలో పైఅంతస్తు నుంచి కిందికి చూసినప్పుడు, పడితే ఏమవుతుందిలే అనిపించేది. అలా అనిపించినందుకు భయం కూడా వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే వేస్తుంది.

ఇక క్యాసెట్ల సంగతి. శుక్రవారం సెలవు. బట్టలు ఉతుక్కొని, అన్నాలు తిన్నాక, ఆ వారం ఎవరికి క్యాసెట్ వచ్చిందో వాళ్ళు టేప్‌రికార్డర్ గది మధ్యలో పెట్టాలి. అందరూ వినాలి. ఒకరి ఇల్లు అందరిదీ. ఎవరి మేక ఈనిందో, ఎవరి అత్త ఎవరితో కొట్లాడిందో అందరికీ తెలుసు. దాచుకొని ఒంటరిగా వింటే వాడికి పొగరని చెప్పుకునేవాళ్ళు.

ఒక శుక్రవారం భూలక్ష్మి క్యాసెట్ పెట్టాను. "ఇగో, వింటున్నవా? నేను మంచిగున్న. నీ బిడ్డ నీ పాత అంగీ తొడుక్కొని ఊరంత తిరుగుతున్నది, ఇడువుమంటే ఇడుస్తలేదు" అంది. వెనక బోరింగు కొడుతున్న చప్పుడు, ఆ చప్పుడులో నా బిడ్డ "నాయినా" అని అరిచింది. నేను టేప్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ గొంతు నా భార్యదని తెలుసు. ఆ పిలుపు నా బిడ్డదని తెలుసు. తెలిసింది తెలిసినట్టే ఉంది, గుండె దాకా ఏదీ రాలేదు.

పక్కకు చూస్తే మల్లేశన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మల్లేశన్నకు ఏడుపు చవక. టీవీలో ఈజిప్టు వాళ్ళ నాటకం వస్తే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అందులో తల్లి ఏడిస్తే తానూ ఏడ్చేవాడు. ఉల్లిగడ్డలు కోసే పని అతనికి ఇవ్వొద్దని గదిలో వేళాకోళం. అయినా ఆ రోజు ఆ కన్నీళ్ళు చూసి నా కడుపు భగ్గుమంది. అవి నావి. నా పెళ్ళాం, నా బిడ్డ, నాకు పంపిన మాట. నాకు రావలసిన ఏడుపు ఇతని కళ్ళకు ఎలా పోయింది?

ఆనాటి నుంచి నా కళ్ళు అతని మీదే. అన్నం ముందు కూర్చుంటే ఎంత ఇష్టంగా కలుపుతాడో చూసేవాణ్ణి. నిద్రపోతే గురక వినేవాణ్ణి. చాయ్ మొదటి గుక్క తాగి "అబ్బ" అనేవాడు. ఆ "అబ్బ" కోసం నేను ఏమైనా ఇచ్చేవాణ్ణి.

మా ఇంటికి జవాబు క్యాసెట్ పంపాలి. మైకు ముందు కూర్చుంటే "మంచిగున్నరా, నేను మంచిగున్న" తర్వాత మాట దొరకలేదు. మల్లేశన్న చూసి చూసి టేప్ తన వైపు లాక్కున్నాడు.

"చెల్లే, నీ మొగడు సిగ్గుపడుతున్నడు. గిక్కడ ఒంటె లెక్క అయిండు, తిన్నదే నములుకుంట కూసుంటడు" అని మొదలుపెట్టి, టేపు నిండేదాకా నవ్వించాడు.

తర్వాత వచ్చిన క్యాసెట్‌లో భూలక్ష్మి పగలబడి నవ్వింది. "మల్లేశన్నకు దండాలు చెప్పు. ఆ మాటలకు నవ్వి నవ్వి మా అత్తకు పొలమారింది" అంది. గదంతా నవ్వింది, మల్లేశన్న పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు. నా భార్యను నవ్వించింది నేను కాదు, ఆమె మాటకు ఏడ్చింది నేను కాదు. మరి ఆ కాపురంలో నేనెవరిని?

ఉండబట్టలేక అడిగేశాను. "నా పెళ్ళాం నాకు పంపిన క్యాసెట్‌కు నువ్వెందుకు ఏడుస్తున్నవే అన్నా?"

కొడతాడేమో అనుకున్నాను. అతను నా ముఖం చూసి మెల్లగా అన్నాడు. "నువ్వు ఏడుస్తలేవు గదరా. ఆమె గంత దూరం నుంచి పంపింది. ఎవరో ఒకరు ఏడ్వకుంటే ఎట్ల?"

ఆ మాటకు నాకు ఇంకా ఒళ్ళు మండింది.

చలికాలంలో అతనే మళ్ళీ నన్ను డాక్టర్ దగ్గరికి లాక్కుపోయాడు. డాక్టర్ అంతా విని గదిలో వంట ఎవరు చేస్తారని అడిగాడు. వెటకారం అనుకున్నాను.

"మనిషి మెదడు కూడా వంట చేసుకుంటుంది. నొప్పికి మందు, సంతోషానికి మందు, తనకు కావలసినంత రోజూ తానే తయారు చేసుకుంటుంది. నువ్వు నెలల తరబడి బయట నుంచి గంపలతో తెచ్చి పోశావు. అది పొయ్యి ఆర్పేసి కూర్చుంది. ఇప్పుడు బయట నుంచి రావడం ఆగింది, లోపల పొయ్యి ఇంకా రాజుకోలేదు. అందుకే ఆకలి" అన్నాడు.

"ఎప్పుడు రాజుకుంటది సాబ్?"

"నెలలు పట్టొచ్చు. కొందరికి తొందరగా, కొందరికి ఆలస్యంగా. ఇది నీ మనసు చెడ్డదై రాలేదు. తిను, ఎండలో నడువు, మనుషుల్లో ఉండు. పైనుంచి దూకాలనిపిస్తే ఆ నిమిషమే ఎవరికైనా చెప్పు." చీటీ కోసం కలం తీస్తూ, "అసలేమీ అనిపించడం లేదా? ఏ ఒక్కటీ?" అని అడిగాడు.

బయట బెంచీ మీద మల్లేశన్న ఎవరితోనో నవ్వుతున్న చప్పుడు వినబడుతోంది. "కుళ్ళు అనిపిస్తది సాబ్" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మంచిది. అదొక్కటైనా పని చేస్తోంది" అన్నాడు.

చీటీ రాసిచ్చి, పెద్దాసుపత్రికి పోయి మానసిక డాక్టర్‌కు చూపించుకోమన్నాడు. అక్కడ నన్ను పిచ్చివాడంటారని నేను పోలేదు.

తొంభై ఐదు రంజాన్ నెల. పని గంటలు తక్కువ, మధ్యాహ్నానికే గదికి వచ్చేవాళ్ళం. ఊరి నుంచి ఒకతను మూటలు తెచ్చాడు. నా మూటలో సకినాలు, క్యాసెట్ ఉన్నాయి. పద్ధతి ప్రకారం అందరి మధ్య క్యాసెట్ పెట్టాను. భూలక్ష్మి గొంతు కొత్తగా, గట్టిగా ఉంది.

"నీ మాట ఇంటున్న. పానం లేనట్టు మాట్లాడుతున్నవు. నడుం మళ్ళ పట్టిందని నాకు ఎరుకైంది, నువ్వు చెప్పకున్న. ఆ గోలీలు పంపిన. సకినాల నడుమ పెట్టిన. రోజు ఏసుకో, మర్వకు."

గదిలో వాళ్ళు "నసీబున్నోడివిరా, చెప్పకున్న మందు పంపింది" అన్నారు. మల్లేశన్న ఒక్కడే లేచి నిలబడి చెయ్యి చాచాడు.

"గవి నాకియ్యి."

"ఇవి కూడ కావాల్నా నీకు? నా పెళ్ళాం నాకు పంపింది" అని పొట్లం నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

తర్వాతి శుక్రవారం అందరూ ఉమ్ ఘువైలినా బజారుకు సామాన్లు కొనడానికి పోయారు. నేను కాళ్ళ నొప్పులని ఉండిపోయాను. నా లెక్క సూటిగా ఉంది. మత్తు కోసం కాదు, ఒట్టు. ఒక్క మాత్ర వేసుకుంటే నాకూ ఏడుపొస్తుంది. ఒక్కసారి నా భార్య గొంతుకు నేను ఏడిస్తే మల్లేశన్న రుణం తీరిపోతుంది. మాత్ర వేసుకొని కాసేపాగి క్యాసెట్ పెట్టాను.

ఏడుపొచ్చింది. ధారగా వచ్చింది. భూలక్ష్మి మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. క్యాసెట్ అయిపోయింది. ప్రేమ అయిపోలేదు. తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాను, దాని మీద కూడా అంతే ప్రేమ పొంగింది. తలుపు వెనక చీపురు మీదా అంతే. గోడకు పెచ్చులూడిన చోటును చూసి కూడా కళ్ళు చెమర్చాయి. అప్పుడు నాకు సిగ్గేసింది. నా పెళ్ళానికీ చీపురుకూ తేడా తెలియని ప్రేమ అది. మల్లేశన్న నా భార్య మాటకే ఏడ్చాడు, చీపురుకు ఏడవలేదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి గుమ్మంలో కూర్చొని ఉన్నాను. పొట్లం అతని చేతిలో పెట్టాను. "ఒకటి తిన్న" అన్నాను. అతను తిట్టలేదు. మర్నాడు నాతో పాటు క్లినిక్‌కు వచ్చాడు. డాక్టర్ పొట్లం తీసుకొని, ఈసారి తానే పెద్దాసుపత్రికి ఫోన్ చేసి నన్ను పంపించాడు. అక్కడ ఎవరూ పిచ్చివాడనలేదు. ఇచ్చిన మందు మత్తు రానిది, రోజూ వేసుకోవలసింది. చాలా వారాలకు గానీ దాని పని తెలియలేదు.

భూలక్ష్మికి నిజం చెప్పక తప్పదు, చెప్పకపోతే ఆమె ఇంకో పొట్లం పంపుతుంది. టేప్ తీసుకొని మల్లేశన్న దగ్గరికి పోయాను. "గీ పారి నేను నోరు తెర్వ. నీ రోగం నువ్వే చెప్పుకో" అని అటు తిరిగి పడుకున్నాడు. నీళ్ళ ట్యాంకు వెనకకు పోయి ఒక్కణ్ణే మాట్లాడాను. మాత్రలు ఏం చేశాయో చెప్పాను. నీ మాట వింటే నాకు ఏమీ అనిపించడం లేదని కూడా చెప్పాను. ఏ ఆడదానితోనైనా అనకూడని మాట అది. చెరిపేద్దామనుకున్నాను. చెరిపితే మళ్ళీ మాట్లాడే ఓపిక లేక అలాగే పంపాను.

జవాబు వచ్చేసరికి ఎండాకాలం అయింది. ఈలోగా చిన్న చిన్నవి తిరిగొచ్చాయి. ఒకరోజు చింతపులుసు వాసనకు నోట్లో నీళ్ళూరాయి. ఒకరోజు ఫోర్‌మన్ "యల్లా" అని తొందరపెడుతూ అరిస్తే కోపం వచ్చింది, ఆ కోపానికి ఎంత ముచ్చటేసిందో. మధ్యలో కొన్ని రోజులు మళ్ళీ మొత్తం ఆరిపోయేది. అలా ఆరిన రోజున ఇక రాదనే అనిపిస్తుంది. ఆ మాట నమ్మకండి.

క్యాసెట్ వచ్చిన శుక్రవారం అందరూ చుట్టూ చేరారు. మల్లేశన్న ముందే తువ్వాలు భుజం మీద వేసుకొని కూర్చున్నాడు. నేను టేప్‌రికార్డర్ ఎత్తుకొని బయటికి నడిచాను. "పొగరెక్కింది వీనికి" అని వెనక ఎవరో అన్నారు. ట్యాంకు నీడలో కూర్చొని మీట నొక్కాను.

"ఇగో, వింటున్నవా" అంది. టేపు తిరుగుతోంది, ఎక్కడో కోడి అరిచింది.

"ఒక సంగతి చెప్పాలె. ఇన్ని నెలల సంది నీ గొంతు ఇంటుంటె నాకొకటే అనుమానం. ఖతర్‌ల ఎవతెనో ఉంచుకున్నవనుకున్న. మీ అక్క గూడ గదే అన్నది. అది ఎట్లుంటదో, నాకన్న ఎర్రగుంటదో, సన్నగుంటదో అని రోజు కుళ్ళి కుళ్ళి సచ్చిన. నా మందుతోని నడుం నొప్పి తగ్గితెనన్న దాన్ని ఇడిసి నా దిక్కు చూస్తవని ఆ గోలీలు పంపిన."

టేపులో ఆమె ముక్కు చీదిన చప్పుడు.

"సవతి ఉన్నదని నేను అనుకున్నది అబద్ధం కాదు. ఉన్నది. దాన్ని కాయితంల సుట్టి, సకినాల నడుమ పెట్టి, నేనే నీకాడికి తోలిచ్చిన."

నాకు నవ్వొచ్చింది. ఎంత పెద్దగా వచ్చిందంటే నా చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. నవ్వు మధ్యలోనే కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలైంది. ఫ్యాన్ లేదు, చీపురు లేదు, భూలక్ష్మి ఒక్కతే ఉంది.

చప్పుడు విని మల్లేశన్న ట్యాంకు చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందిరా? ఏమన్నది?" అని పక్కన కూర్చోబోయాడు. అప్పుడే అతని కళ్ళలో తడి.

"ఏం లేదు, నువ్వు పోవే అన్నా" అని అతణ్ణి నెట్టేశాను. "ఇది నేను ఏడ్చుకుంట."